ఆఫ్రికాలో దొరికిన ఈగ కొత్త జాతేనా? తేల్చుకుని, వర్ణించి, పేరు పెట్టడం ఎలా

నైరోబీలోనో డర్బన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని అడవుల వెంట తిరిగేవాళ్లు, కీటకశాస్త్రంలో పరిశోధన చేస్తూ ఆఫ్రికా నమూనాలు చేతికందినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఈ ఈగ ఎక్కడ వెతికినా దొరకడం లేదు. కొత్త జాతి అనుకుంటున్నాను. పేరు పెట్టాలంటే ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

మొదట ఒక భ్రమ వదిలించుకోండి. ఇంటర్నెట్‌లో ఫోటో దొరకలేదంటే జాతి కొత్తదని అర్థం కాదు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఈగలు, దోమలు, వాటి బంధువులన్నీ కలిపి ఇప్పటికే పేరున్న జాతులు దాదాపు 20 వేలు. వాటిలో చాలావాటికి రంగు ఫోటో అన్నదే లేదు. ఏ జర్మన్ వ్యాసంలోనో ఫ్రెంచ్ వ్యాసంలోనో నాలుగు వాక్యాల వర్ణన, లండన్‌లోనో బెల్జియంలోని టెర్వురెన్‌లోనో సూదికి గుచ్చిన ఒక నమూనా, అంతే ఉంటాయి. మీ ఈగ ఆ పెట్టెల్లో లేదని చూపించాలి. అదీ మీ నమూనాను ఎన్నడూ చూడని మనిషికి అర్థమయ్యేలా చూపించాలి. శ్రమంతా ఇక్కడే.

కావలసినవి

- ఈగలు. ఒకటి కాదు, వీలైనన్ని. మగవి, ఆడవి రెండూ.
- మంచి వెలుతురున్న స్టీరియో మైక్రోస్కోపు, జననావయవాలు చూడటానికి కాంపౌండ్ మైక్రోస్కోపు. వాటికి అమర్చే కెమెరా.
- కీటకాల సూదులు, చిన్న ఈగలకు మినుటెన్ సూదులు, సన్న మొనల పటకార్లు, ఆమ్లం లేని మందపాటి కాగితం, చెరగని సిరా.
- 70 శాతం, 96 శాతం ఇథనాల్, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం, గ్లిసరిన్.
- ఈగను పట్టే దేశం ఇచ్చిన అనుమతి పత్రాలు.
- పుస్తకాలు. ఆష్లీ కిర్క్-స్ప్రిగ్స్, బ్రాడ్లీ సింక్లెయిర్ సంపాదకత్వంలో దక్షిణాఫ్రికా సంస్థ సాన్బీ ప్రచురించిన 'మాన్యువల్ ఆఫ్ ఆఫ్రోట్రాపికల్ డిప్టెరా' లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. మొదటి రెండు సంపుటాలు 2017లో, మూడోది 2021లో వచ్చాయి. 1980లో క్రాస్కీ సంపాదకత్వంలో వచ్చిన ఆఫ్రికా ఈగల క్యాటలాగు, ప్రపంచంలోని ఈగల పేర్లన్నీ ఉండే 'సిస్టెమా డిప్టెరోరమ్' డేటాబేస్ కూడా అవసరం. పాత వ్యాసాలు 'బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ'లో ఉచితంగా చదవవచ్చు.
- మీ ఈగ ఏ కుటుంబానిదో ఆ కుటుంబం మీదే పనిచేసే నిపుణుడు ఒకరు. పై జాబితాలో ఏదైనా పరికరం లేకపోయినా సర్దుకోవచ్చు, నిపుణుడు లేకపోతే కష్టం.

1. అనుమతి ముందు, వల తర్వాత

ఫోటో తీయడం వేరు, పట్టి దేశం దాటించడం వేరు. 2014 అక్టోబరు 12 నుంచి నగోయా ఒప్పందం అమల్లో ఉంది. దానిలో చేరిన దేశం నుంచి జీవ నమూనాను పరిశోధనకు తీసుకుంటే ఆ దేశపు చట్టం ప్రకారం అనుమతి కావాలి. కెన్యాలో పరిశోధనకు నాకోస్టి (అక్కడి జాతీయ శాస్త్ర కమిషన్) లైసెన్సు ఉండాలి. జాతీయ పార్కుల్లో అయితే కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనుమతి వేరే. దక్షిణాఫ్రికాలో ప్రావిన్సును బట్టి కార్యాలయం మారుతుంది; క్వాజులు-నటాల్‌లో ఎజెమ్వెలో అనే వన్యప్రాణి సంస్థ చూస్తుంది.

అనుమతి సంఖ్యను కొత్త జాతిని ప్రకటించే వ్యాసంలో రాయాలి. చాలా శాస్త్ర పత్రికలు అడుగుతాయి. పట్టేసిన తర్వాత అనుమతి కోసం తిరగడం దాదాపుగా ఫలించదు, ఆ నమూనాలు ఎంత అపురూపమైనవైనా మ్యూజియం తీసుకోదు.

స్థానిక శాస్త్రవేత్తను మొదటి రోజు నుంచే కలుపుకోండి. ఆఫ్రికా ఈగలను ఆఫ్రికా వాళ్లు లేకుండా వర్ణించి, నమూనాలు ఐరోపాకు తరలించడం వందేళ్లు నడిచింది. దాన్ని మనం కొనసాగించనక్కర్లేదు. పైగా ఆ అడవికి మళ్లీ వెళ్లగలిగేది వాళ్లే.

2. పట్టడం, భద్రపరచడం

గుడారంలా ఉండే మలేస్ ట్రాప్, చేతి వల, పసుపు గిన్నెల్లో సబ్బు నీళ్లు: ఈ మూడింటితో చాలా పని జరుగుతుంది. మలేస్ ట్రాప్‌లో పడ్డవన్నీ సాధారణంగా ఇథనాల్‌లోకి పోతాయి. చాలా కుటుంబాలకు ఇది ఫరవాలేదు.

బాంబిలిడే కుటుంబపు ఈగలను, అంటే తేనెటీగలా నూగుతో బొద్దుగా ఉండేవాటిని, ఇథనాల్‌లో వేయకండి. వాటిని గుర్తించేది నూగు, పొలుసుల రంగుల తీరును బట్టే. తడిస్తే అవి ఉండలు కడతాయి. పొడిగా చంపి, అదే రోజు సూదికి గుచ్చండి.

సూది గుచ్చేటప్పుడు వక్షం నడిమధ్యన గుచ్చకండి, గీతకు కాస్త కుడివైపు గుచ్చండి. ఈగల వక్షం మీది శూకాలను, అంటే గట్టి వెంట్రుకలను, లెక్కపెట్టే జాతిని గుర్తిస్తారు. కుడివైపు ఒకటి పోయినా ఎడమవైపు దాని జోడు మిగులుతుంది. బాగా చిన్న ఈగలను మినుటెన్ సూదికో కోసిన కాగితం మొనకో అమర్చండి. ఇథనాల్ నుంచి తీసి గాలికి ఆరబెడితే కళ్లు, ఉదరం ముడుచుకుపోతాయి. ముడతలు పడకుండా ఆరబెట్టే యంత్రం, క్రిటికల్ పాయింట్ డ్రయర్, ఉన్న ప్రయోగశాలను వెతుక్కోండి.

కనీసం రెండు మూడు ఈగలను 96 శాతం ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. డీఎన్ఏకు అవి కావాలి.

చీటీ అదే రోజు రాయండి. దేశం, ప్రాంతం, స్థలం, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టిన పద్ధతి, పట్టినవారి పేరు. స్థలం, పట్టిన పద్ధతి చెప్పే భాగానికి ఒక ఉదాహరణ: "కెన్యా, తైతా కొండలు, 3.4 డిగ్రీల దక్షిణం, 38.3 డిగ్రీల తూర్పు, వాగు పక్క నీడలో, చేతి వల." ఆఫ్రికాను భూమధ్యరేఖ మధ్యలో కోస్తుంది కాబట్టి ఉత్తరమో దక్షిణమో రాయకపోతే మునిగినట్టే. ఇదే బిందువులో 'దక్షిణం' పడిపోతే మీ తైతా కొండల ఈగ ఇథియోపియా సరిహద్దు పక్కకు వెళ్లి కూర్చుంటుంది. ముద్రణకు వచ్చిన వ్యాసాల్లో కూడా ఈ తప్పు కనిపిస్తుంది. చీటీ రాశాక ఆ అంకెలను ఒకసారి మ్యాపులో కొట్టి చూడండి.

స్థలం వివరం ఎంత బాగుంటే అంత మేలని చెప్పడానికి కెన్యాలోని ఉకాసి కొండ చాలు. తికా నుంచి గరిస్సా వెళ్లే దారిలో ఉన్న ఆ కొండ చీలికలో, గబ్బిలాల రెట్ట దగ్గర, ఒళ్లంతా పొడవాటి వెంట్రుకలతో, ఎగరలేని చిన్న రెక్కలతో బతికే ఈగను 1933లో పట్టారు. 1936లో ఆస్టెన్ దానికి మార్మోటోమియా హిర్సూటా అని పేరు పెట్టాడు. అదెంత విడ్డూరమైనదంటే దానికి ఒక కుటుంబమే వేరుగా ఏర్పడింది. 1948లో మరోసారి దొరికి, తర్వాత 2010 దాకా ఎవరి కంటా పడలేదు. అన్నేళ్ల తర్వాత వెళ్లినవాళ్లు సరిగ్గా ఆ చీలిక దగ్గరికే వెళ్లగలిగారంటే, ఎక్కడ దొరికిందో మొదటివాళ్లు రాసి పెట్టబట్టే. "కెన్యా" అని మాత్రమే ఉంటే ఎక్కడ వెతికేవారు?

నమూనాలను ఇథనాల్‌తో విమానంలో పంపాలంటే 'ఏ180' అనే ప్రత్యేక నిబంధన ఉంది: సీసాకు 30 మిల్లీలీటర్లు, ప్యాకెట్టు మొత్తానికి ఒక లీటరు మించకూడదు. ముందుగా విమాన సంస్థతో మాట్లాడుకోండి. సూట్‌కేసులో చొక్కాల మధ్య దాచి తేవాలన్న ఆలోచన వద్దు.

3. కుటుంబం, ప్రజాతి తేల్చడం

ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు (జీనస్). మాన్యువల్‌లోని గుర్తింపు కీ, అంటే ఒక్కో లక్షణాన్ని అడుగుతూ పేరు దగ్గరికి చేర్చే ప్రశ్నల వరుస, పట్టుకుని అడుగడుగునా వెళ్లండి. రెక్క ఈనెలు, స్పర్శశృంగం (తల మీది మీసం) ఆకారం, తల మీది శూకాలు, ఇవే మొదటి దారులు. రెండు వేర్వేరు ఈగలతో, రెండు వేర్వేరు రోజుల్లో కీ నడపండి. రెండుసార్లూ ఒకే ప్రజాతి దగ్గర ఆగితే ముందుకు వెళ్లవచ్చు. ఆగకపోతే నిపుణుణ్ని అడగండి. ప్రజాతి తప్పితే ఇక కింద చేసేదంతా వృథా.

4. కొత్తదేనా? ఇక్కడ ఆగండి

ఈ అడుగుకు నెలలు పట్టవచ్చు. పట్టాలి కూడా.

ఆ ప్రజాతిలో పేరున్న ప్రతి జాతినీ ఒక కాగితం మీద రాసుకోండి. చెల్లుబాటులో ఉన్న పేర్లు మాత్రమే సరిపోవు, పర్యాయపదాలుగా (ఒకే జాతికి పెట్టిన రెండో పేర్లుగా) పక్కన పెట్టినవి కూడా రాయండి. ఒక్కోదానికి మొదటి వర్ణన తెచ్చుకుని చదవండి. పాత వ్యాసాల్లో దేశాల, ఊళ్ల పేర్లు ఇప్పటివి కావు: న్యాసాలాండ్ అంటే మలావీ, గోల్డ్ కోస్ట్ అంటే ఘనా, ఎగువ వోల్టా అంటే బుర్కినా ఫాసో, లియోపోల్డ్‌విల్ అంటే కిన్షాసా. టాంగన్యీకా ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం.

ఆఫ్రికాతో ఆగకండి. మడగాస్కర్, అరేబియా, మన ఉపఖండం కూడా చూడండి. దీనికి మన దేశంతోనే ముడిపడ్డ రెండు ఉదాహరణలున్నాయి.

జాప్రియోనస్ ఇండియానస్ అన్న చిన్న పండ్ల ఈగకు 1970లో గుప్తా భారతదేశపు నమూనాల ఆధారంగా పేరు పెట్టారు. ఆ ఈగ పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. పేర్ల నియమాల ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, అది భూగోళం తప్పు చెప్పినా సరే. ఆఫ్రికాలో దాన్ని పట్టి, ఆఫ్రికా వ్యాసాలు మాత్రమే తిరగేసి, "కొత్తది" అనుకున్నవాడు పొరబడేవాడే.

రెండోది ఇంకా ఖరీదైన పాఠం. 2003లో కెన్యాలో మామిడి మీద ఒక కొత్త ఈగ కనిపించింది. 2005లో డ్రూ, సురుత, వైట్ దాన్ని బాక్ట్రోసెరా ఇన్వాడెన్స్ అని వర్ణించారు. ఆఫ్రికా దేశాల పండ్ల ఎగుమతుల మీద ఆంక్షలకు ఈ పేరు ఆధారమైంది. పదేళ్ల తర్వాత, 2015లో, రూపం, డీఎన్ఏ, జతకట్టే తీరు, ఫెరోమోన్లు అన్నీ కలిపి చూసిన పరిశోధకులు ఇది ఆసియాలో ఎప్పటి నుంచో ఉన్న బాక్ట్రోసెరా డోర్సాలిస్సేనని తేల్చారు. అంటే మన ఆంధ్ర, తెలంగాణ మామిడి తోటల్లో మిథైల్ యూజినాల్ ఎరలు కట్టేది ఏ ఈగ కోసమో అదే. వర్ణించినవాళ్లు అనుభవం లేనివాళ్లేమీ కారు. ఆఫ్రికా ఈగల వక్షం రంగు నలుపు నుంచి ఎర్రటి గోధుమ దాకా మారుతూ ఉండటం వంటి తేడాలు జాతి తేడాలుగా కనిపించాయి. అంతటివాళ్లకే అలా కనిపించినప్పుడు, రంగు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవద్దని మీకు చెప్పడం అతి కాదనుకుంటాను.

కొత్త జాతిగా భ్రమపెట్టేవి ఇవి:

- మగ, ఆడ తేడా. చాలా కుటుంబాల్లో మగ ఈగ కళ్లు నడినెత్తిన కలుస్తాయి, ఆడదానికి మధ్యన వెడల్పాటి నుదురు ఉంటుంది. పాత జాతి తాలూకు, ఇంకా ఎవరూ వర్ణించని ఆడ ఈగ మీ చేతిలో ఉండవచ్చు.
- అప్పుడే ప్యూపా నుంచి వచ్చిన ఈగ. ఒళ్లు పాలిపోయి, మెత్తగా ఉంటుంది.
- తిండి తక్కువైన పురుగు నుంచి వచ్చిన పొట్టి ఈగ. పరిమాణంలో సగం తేడా కూడా ఉండవచ్చు.
- ఇథనాల్‌లో వెలిసిన రంగు, రాలిన శూకం. శూకం రాలితే దాని కుదురు కనిపిస్తుంది. శూకం లేదని రాసే ముందు కుదురు ఉందేమో చూడండి.

దగ్గరి జాతుల టైపు నమూనాలను, అంటే ఆ పేర్లు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవాటిని, చూడటం చివరి పరీక్ష. మ్యూజియానికి మర్యాదగా రాస్తే ఫోటోలు పంపుతారు, సంస్థ పేరు మీద అడిగితే కొన్ని నమూనాలు అప్పు కూడా ఇస్తారు. ఆఫ్రికాలో ఈగలకు అతి పెద్ద సేకరణ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని క్వాజులు-నటాల్ మ్యూజియంలో ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

ఇంత చూశాక కూడా అనుమానం మిగిలితే వర్ణించకండి. "ఫలానా ప్రజాతి, జాతి తెలియదు" అని చీటీ రాసి మ్యూజియంలో పెట్టండి. మరో పదేళ్లకు ఎవరికో పనికొస్తుంది.

5. జననావయవాలు విప్పి చూడటం

ఈగల్లో దగ్గరి జాతులను విడదీసేది ఎక్కువగా మగ ఈగ జననావయవాల ఆకారమే. దీన్ని దాటవేసిన వర్ణనను ఇవాళ ఏ మంచి పత్రికా తీసుకోదు. హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారమయ్యే నమూనా) కావలసిన ఈగ మీద ముందుగా చేయి చేసుకోకండి, మామూలు ఈగల మీద చేయి తిరిగాక దాని దగ్గరికి రండి.

ఉదరం చివర తుంచి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ పోసిన చిన్న గొట్టంలో రాత్రంతా గది ఉష్ణోగ్రతలో ఉంచండి. తొందరైతే వేడి నీళ్ల గిన్నెలో ఆ గొట్టాన్ని నిలబెట్టి కొద్ది నిమిషాలకోసారి చూస్తూ ఉండండి. మంట మీద నేరుగా మరిగించవద్దు. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. కండ కరిగి, గట్టి భాగాలు తేటగా కనబడగానే తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే అవీ పారదర్శకమై ఏమీ కనిపించదు. చుక్క ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో కడిగి గ్లిసరిన్‌లో పెట్టండి. పొటాషియం హైడ్రాక్సైడ్ దొరకని చోట లాక్టిక్ ఆమ్లం వాడవచ్చు, అది మృదువుగా పనిచేస్తుంది.

చూడటం అయ్యాక ఆ భాగాన్ని చిన్న సీసాలో గ్లిసరిన్‌తో పెట్టి, అదే ఈగ సూదికి గుచ్చండి. ఒకేసారి రెండు ఈగలను విప్పకండి. ఏ చివర ఏ ఒంటిదో తెలియకపోతే రెండూ పోయినట్టే.

బొమ్మ గీయండి. ఫోటో ఉన్నా సరే. పక్కనుంచి, వెనకనుంచి, కింది నుంచి, ప్రతి బొమ్మకీ స్కేలు గీతతో. గీస్తుంటే మాత్రమే కనిపించే మడతలు కొన్ని ఉంటాయి.

6. డీఎన్ఏ

ఒక కాలు చాలు. 1994లో ఫోల్మర్ బృందం ఇచ్చిన ప్రైమర్లతో మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివించి, బోల్డ్, జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ డేటాబేస్‌లలో పోల్చండి. పోలిక దొరకలేదంటే కొత్త జాతి అనుకోకండి, ఆఫ్రికా ఈగల్లో ఈ ముక్క (దీన్నే బార్‌కోడ్ అంటారు) అక్కడ లేనివే ఎక్కువ. తేడా ఇంత శాతం దాటితే వేరే జాతి అన్న సూత్రాన్నీ నమ్మకండి. బాక్ట్రోసెరా డోర్సాలిస్ బంధువుల్లో కొన్నింటిని ఈ ముక్క విడదీయలేదు. రూపం, డీఎన్ఏ ఒకే మాట చెబితే బలం. వేర్వేరుగా చెబితే ఇంకా పని ఉందని అర్థం.

జెన్‌బ్యాంక్‌లో పెట్టేటప్పుడు కొత్త పేరు రాయకండి. ప్రచురణ అయ్యేదాకా ప్రజాతి పేరు, ఒక సంఖ్య, అంతే.

7. హోలోటైప్ ఎంచడం

ఆ పేరును శాశ్వతంగా మోసే ఒకే ఒక్క నమూనా ఇది. జననావయవాలతో గుర్తించే గుంపైతే మగ ఈగను తీసుకోండి. శూకాలు, కాళ్లు, రెక్కలు పూర్తిగా ఉన్నదాన్ని. వర్ణనకు ఆధారంగా తీసుకున్న మిగతావి పారాటైపులు. హోలోటైప్‌కు ఎర్ర చీటీ పెట్టడం ఆనవాయితీ, పారాటైపులకు ఎక్కువమంది పసుపు వాడతారు. 1999 తర్వాత పెట్టే పేర్లకు టైపు నమూనా ఏదో, అది ఏ సేకరణలో ఉంటుందో వ్యాసంలోనే చెప్పకపోతే ఆ పేరు చెల్లదు.

హోలోటైప్‌ను దొరికిన దేశంలోనే ఉంచండి: నైరోబీలోని నేషనల్ మ్యూజియమ్స్ ఆఫ్ కెన్యా, పీటర్‌మారిట్జ్‌బర్గ్, బ్లూమ్‌ఫాంటీన్‌లోని నేషనల్ మ్యూజియం వంటి చోట్ల. పారాటైపులను రెండు మూడు మ్యూజియాలకు పంచండి. సొంత బీరువాలో ఉంచుకోవద్దు, కాలేజీ ప్రయోగశాలలో అసలే వద్దు. అక్కడ జీతం తీసుకుని నమూనాలకు కాపలా కాసేవారు ఉండరు, చీమలు, కార్పెట్ పురుగులు మాత్రం ఉంటాయి.

నమూనా లేకుండా ఫోటోతోనే పేరు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పెట్టినవాళ్లున్నారు. దక్షిణాఫ్రికాలోని న్డుమో అభయారణ్యంలో స్టీఫెన్ మార్షల్ ఫోటో తీసిన ఈగ చేతికి చిక్కకుండా ఎగిరిపోయింది. నల్లటి బొంత తుమ్మెదను అనుకరించే ఆ ఈగకు 2015లో మార్షల్, నీల్ ఎవెన్‌హూస్ కలిసి మార్లేయిమియా జైలోకోపే అని పేరు పెట్టారు. పేరు చెల్లింది, గొడవ కూడా పెద్దదే జరిగింది. 2017లో అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ దీని మీద ప్రత్యేక ప్రకటన చేసి, భద్రపరచిన నమూనా లేకుండా పేరు పెట్టేవారు కారణాలు వివరంగా చెప్పాలని సిఫారసు చేసింది. మార్షల్, ఎవెన్‌హూస్‌లకున్న అనుభవం మీకు లేదనుకుంటే ఆ దారి పట్టకండి. నిజానికి పండ్ల ఈగల్లోనో మాంసపు ఈగల్లోనో ఫోటోలో జననావయవాలు కనబడవు కాబట్టి ఆ దారి లేనే లేదు.

ఒకే ఒక్క ఈగ ఉంటే? బాగా పరిశోధన జరిగిన గుంపు, స్పష్టమైన తేడా అయితే వర్ణించండి. లేకపోతే మరో వర్షాకాలం ఆగండి. ఈగ ఎక్కడికీ పోదు, పోయే అడవి అయితే మాత్రం ఆగకండి.

8. రాయడం

రెండు వేర్వేరు ముక్కలు రాయాలి. వీటిని కలగాపులగం చేయడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు.

మొదటిది *డయాగ్నసిస్*. నాలుగైదు వాక్యాలు. దగ్గరి జాతుల నుంచి ఇది ఎలా వేరో మాత్రమే. ఉదాహరణకు:

పనికిరానిది: "అందమైన, పెద్ద, పసుపు ఈగ. రెక్కలు మెరుస్తుంటాయి. ఉదరం మీద చారలున్నాయి."

పనికొచ్చేది: "ఫలానా జాతికి దగ్గరగా ఉంటుంది. దానిలో స్కూటెల్లం (వక్షం వెనక చివరి చిన్న పలక) అంచున రెండు జతల శూకాలుంటే దీనిలో ఒకటే జత. దానిలో వెనక కాలి తొడ పూర్తిగా పసుపు, దీనిలో చివరి మూడో వంతు నలుపు. దీని మగ ఈగలో సర్స్టైలస్ (జననావయవాల్లో ఒక భాగం) కొన చీలి ఉంటుంది, దానిలో మొద్దుగా ఉంటుంది."

తేడా ఏ పక్క ఎలా ఉందో రెండువైపులా చెప్పాలి. "దీనిలో శూకాలు పొడవు" అంటే దేనికంటే?

రెండోది *వర్ణన*. తల, వక్షం, కాళ్లు, రెక్క, ఉదరం, మగ జననావయవాలు, తర్వాత ఆడ ఈగలోని తేడాలు. ఇదే వరుస, దగ్గరి జాతుల వర్ణనల్లో ఉన్న వరుసే. క్రియాపదాలు తక్కువ, కొలతలు ఎక్కువ. విశేషణాల మోజు వదలండి. కుటుంబం మొత్తానికి ఉన్న లక్షణాలను మళ్లీ రాయవద్దు. అది తప్పిపోయిన మనిషి ప్రకటనలో "రెండు కళ్లు, ఒక ముక్కు" అని రాసినట్టే ఉంటుంది.

కొలతలు కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఇవ్వండి, ఎన్ని ఈగలు కొలిచారో చెప్పండి. ఒంటి పొడవు ఎండితే తగ్గుతుంది, ఉబ్బితే పెరుగుతుంది. రెక్క పొడవు నమ్మదగినది. రంగు చెప్పేటప్పుడు ఎండిన ఈగదా, ఇథనాల్‌లోదా, బతికున్నప్పటిదా అన్నది రాయండి.

ఆ తర్వాత పరిశీలించిన నమూనాల పట్టిక. హోలోటైప్ చీటీలో ఏముందో అక్షరం మార్చకుండా ఎత్తి రాయండి, తప్పులతో సహా. వరుస మారిన చోట ఏటవాలు గీత పెట్టండి. చివరగా ఆ ప్రజాతి గుర్తింపు కీలో మీ జాతి ఎక్కడ చేరుతుందో చూపండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. పొలంలో పనిచేసేవారు వ్యాసం మొత్తం చదవరు, కీ మాత్రమే నడుపుతారు.

9. పేరు

రోమన్ లిపిలో ఉండాలి, అదే ప్రజాతిలో ఇంతకుముందు వాడి ఉండకూడదు. ఏ భాష మాటైనా వాడవచ్చు. స్థలం పేరుకు సాధారణంగా 'ఎన్సిస్' చేరుస్తారు. మగ మనిషి పేరుకు చివర 'ఐ', స్త్రీ పేరుకు 'ఏ'. విశేషణమైతే ప్రజాతి పేరు లింగంతో సరిపోవాలి, దీన్ని లాటిన్ తెలిసినవారికి చూపండి. స్థానిక భాషలోని మాట తీసుకుంటే ఆ భాష వారిని అడిగే తీసుకోండి. సొంత పేరు పెట్టుకోవడాన్ని నియమం ఆపదు, కానీ జీవితాంతం నవ్వుతారు.

10. ప్రచురణ

'జూటాక్సా', 'జూకీస్', క్వాజులు-నటాల్ మ్యూజియం వారి 'ఆఫ్రికన్ ఇన్వర్టిబ్రేట్స్', 'యూరోపియన్ జర్నల్ ఆఫ్ టాక్సానమీ' ఈ రకం వ్యాసాలు వేస్తాయి. చివరిది రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు తీసుకోదు.

ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే వ్యాసం ప్రచురణకు ముందే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరులో) నమోదు కావాలి, ఆ నమోదుకు రుజువు వ్యాసం లోపలే ఉండాలి. 2012 నాటి సవరణ అది. ఇది మరిచిపోతే మిగతాదంతా ఎంత బాగున్నా పేరు చెల్లదు. కొత్త జాతి అని స్పష్టంగా, పేరు పక్కనే, 'స్పీషీస్ నోవా' ముద్రతో ప్రకటించడం కూడా తప్పనిసరి.

వ్యాసం రాకముందు పేరును వార్తాపత్రికలకు, వేదికలకు, సోషల్ మీడియాకు చెప్పవద్దు. పీహెచ్‌డీ థీసిస్‌లో కూడా పేరు బదులు సంఖ్య వాడండి.

పంపే ముందు సరిచూసుకోవడం

మీ డయాగ్నసిస్, కీ రెండూ ఈగల మీద పనిచేసే మిత్రుడికి ఇవ్వండి. మీ జాతి ఈగలు, దగ్గరి జాతుల ఈగలు చీటీలు దాచి కలిపి పెట్టండి. మీరు పక్కన లేకుండా ఆయన విడదీయగలిగితే వర్ణన బాగుంది. ఎక్కడ తడబడ్డారో ఆ వాక్యం తిరగరాయండి. వాదించకండి, రేపటి పాఠకుడితో వాదించడానికి మీరుండరు.

తర్వాత లెక్కలు. వ్యాసంలో, పట్టికలో, పెట్టెలో పారాటైపుల సంఖ్య ఒకటేనా? బొమ్మల కింద చెప్పిన నమూనా సంఖ్యలు నిజంగా ఆ నమూనాలవేనా? అక్షాంశాలన్నీ మ్యాపులో సముద్రంలో పడకుండా నేల మీదే ఉన్నాయా? కొత్త పేరు వ్యాసమంతటా ఒకే వర్ణక్రమంతో ఉందా? ఇందులో తేడా వస్తే ఏ వర్ణక్రమం సరైనదన్నది తర్వాత ఇంకొకరు ప్రత్యేకంగా తేల్చాల్సి వస్తుంది.

అచ్చయ్యాక

జెన్‌బ్యాంక్‌లో పెట్టిన డీఎన్ఏ వరుసలకు అసలు పేరు చేర్చండి. నమూనాలు దొరికిన దేశంలో అనుమతి ఇచ్చిన కార్యాలయానికి, స్థానిక మ్యూజియానికి వ్యాసం పంపండి. చాలా అనుమతుల్లో ఇది షరతు కూడా. ఎవరైనా మీ జాతిని పాత జాతికి పర్యాయపదమని ప్రచురిస్తే వారి వాదన చదివి, నమూనాలు మళ్లీ చూసి, సరైనదైతే ఒప్పుకోండి. ప్రజాతి మారితే మీ పేరు, సంవత్సరం బ్రాకెట్లలోకి వెళతాయి: హెండెల్ 1912లో వేరే ప్రజాతిలో పెట్టిన పేరు ఇవాళ బాక్ట్రోసెరా డోర్సాలిస్ (హెండెల్, 1912) అయినట్టు. అది అవమానం కాదు, పద్ధతి.

హోలోటైప్‌ను చెప్పిన మ్యూజియానికి వెంటనే చేర్చి, ప్రవేశ సంఖ్య రాతపూర్వకంగా తెచ్చుకోండి. పోలిక కోసం అప్పు తెచ్చిన పాత టైపు నమూనాలను కూడా గడువులోగా తిప్పి పంపండి. మీరు ఆలస్యం చేస్తే మీ తర్వాత అదే సంస్థ నుంచి అడిగే విద్యార్థికి ఆ మ్యూజియం ఇవ్వదు.